జెండా పడని నెలన్నర

కరెంటు పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను మొట్టమొదట అడిగేది ఒకటే. "ఎప్పుడైనా షాక్ కొట్టిందా సార్?" కొట్టింది. చాలాసార్లు కొట్టింది. దాని గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. కొట్టినప్పుడు ఎగిరిపడతాం, తిట్టుకుంటాం, కాసేపు కూర్చుని మళ్లీ పనిలో పడతాం. నేను రాయాలనుకున్నది కొట్టని రోజుల సంగతి. అంతా సవ్యంగా నడుస్తున్నట్టు కనిపించే రోజులు ఉంటాయే, వాటి సంగతి. ఈ వృత్తిలో నన్ను భయపెట్టినవి అవే, ఇప్పటికీ భయపెడుతున్నవీ అవే.

మా ఆవిడకు నా భయాలంటే నవ్వు. ఇస్త్రీపెట్టె ముట్టుకోబోయే ముందు చెయ్యి తిరగేసి, వేళ్ల వెనకభాగం ఆనించి చూస్తాను. నీళ్ల మోటారైనా అంతే. "దేవుడికి కూడా ఇంత భక్తిగా మొక్కవు" అంటుంది. ఆ మొక్కు ఎక్కడ నేర్చుకున్నానో ఆమెకు ఎన్నడూ పూర్తిగా చెప్పలేదు. ఇక్కడ చెబుతాను.

మూడు బల్బులు

నిజాం రాజ్యం పోయిన మరుసటి ఏడు వికారాబాద్‌లో ఒక పప్పు మిల్లులో చేరాను. మిల్లుకు సొంత ఇంజను, సొంత కరెంటు. దాన్ని చూసుకునే మేస్త్రి ఖాజామియాఁ. మనిషి పొట్టి, గొంతు చిన్నది, కోపం వస్తే ఇంకా చిన్నదయ్యేది. నాకు ఈ పని నేర్పింది ఆయనే. ఉస్తాద్ అని పిలిచేవాణ్ణి.

ఇంజను గదిలో గోడమీద ఒక చెక్కకు మూడు బల్బులు బిగించి ఉండేవి. కరెంటు మూడు తీగల మీద వస్తుంది గదా, ఒక్కొక్క తీగ నుంచి భూమికి ఒక్కొక్క బల్బు. మూడూ సమానంగా వెలిగితే అంతా క్షేమం. ఏదైనా తీగ ఎక్కడో తడికో ఇనుముకో తగిలి భూమిని అంటుకుంటే ఆ తీగ బల్బు మసకబారుతుంది, మిగతా రెండూ మరింత కాంతిగా వెలుగుతాయి. చదువురాని వాడికి కూడా అర్థమయ్యే ఏర్పాటు. చదువుకున్న నాకు మాత్రం అర్థం కాలేదు.

చేరిన వారంలోనే నడిమి బల్బు మసకబారింది. బల్బు పాడైందనుకుని కొత్తది పెట్టాను. అదీ మసకే. దుకాణంవాడు పాత సరుకు అంటగట్టాడని తిట్టుకుంటూ మూడోది బిగిస్తుంటే ఉస్తాద్ వచ్చాడు. నా చేతిలో బల్బు చూసి ఒక గోనెబస్తా మీద కూర్చున్నాడు.

"క్యా రే నర్సింలూ, బల్బు చెప్పేది ఇనకుండ బల్బునే మారుస్తున్నవా? కబురు తెచ్చినోన్ని ఎల్లగొట్టి ఇంకోన్ని పిలిస్తె కబురు మారుతదా బేటా?"

ఇద్దరం కలిసి మధ్యాహ్నం దాకా వెతికాం. పప్పు పైకెత్తే యంత్రం వెనక ఎలుకలు తీగ కొరికేశాయి, లోపలి రాగి ఇనుప స్తంభానికి ఆనుకుని ఉంది. మిల్లు మాత్రం ఏమీ కానట్టు నడుస్తూనే ఉంది. నాకది వింతగా తోచి, నష్టమేమీ లేదు గదా ఉస్తాద్ అన్నాను. ఆయన గొంతు బాగా చిన్నదైపోయింది.

"ఒక తప్పు అయితె మిల్లు నడుస్తది. ఇంకో తీగ మీద రెండో తప్పు అయితె మనిషి పోతడు. ఒకటికీ రెండుకూ నడుమ ఎన్ని దినాలున్నయో నీకు తెల్వదు, నాకు తెల్వదు. అందుకే ఒకటి కాంగనే మన ఫికర్, మన చింత షురూ కావాలె."

ఈ వృత్తిలో నేను నేర్చుకున్న దాంట్లో సగం ఆ మాటే. కాకపోతే నేర్చుకోవడం వేరు, ఒంటబట్టడం వేరు. నాకు ఒంటబట్టడానికి పన్నెండేళ్లు పైన పట్టింది. ఆ ఖర్చు నేను భరించలేదు, ఇంకొకరు భరించారు.

ఇనుప పెట్టె

అరవయ్యో దశకం మొదట్లో తాండూరులో ఒక బండల కార్ఖానాకు మారాను. గనుల నుంచి వచ్చిన బండను కోసి, నీళ్లు పోస్తూ నునుపు పట్టే పని. ఎనిమిది యంత్రాలు. పొద్దంతా కాళ్ల కింద తెల్లటి రాతి బురద. తడి, ఇనుము, కరెంటు ఒకేచోట. 

యజమాని యాలాల్ వైపు భూములున్న ఆసామి. అందరూ పటేల్ అనేవారు. ఆయన ఏదో గని మూతపడితే అక్కడి డీజిలు జనరేటరును కొనుక్కొచ్చాడు. దానితోపాటు ఒక ఇనుప పెట్టె వచ్చింది. ఇంజను గది వెనక గోడకు ఆనించి పెట్టారు. లోపల పోత ఇనుప పలకలు వరసగా బిగించి ఉంటాయి. జనరేటరులో మూడు తీగలూ కలిసేచోటి నుంచి దిగే నడిమి తీగ ఆ పలకల గుండా పోయి భూమిలో కలుస్తుంది.

దాని పని ఏమిటో తేలికగా చెబుతాను. నడిమి తీగను నేరుగా భూమికి కలిపితే, ఎక్కడైనా తప్పు జరిగిన క్షణాన కరెంటు వరదలా పారి మోటార్లను కాల్చేస్తుంది. అసలే కలపకపోతే, తప్పు జరిగినా మా పప్పు మిల్లులో లాగా అంతా నడుస్తూనే ఉంటుంది, ఎవరికీ తెలియదు. ఈ పలకలు మధ్యేమార్గం. తప్పు జరిగితే కొద్దిపాటి కరెంటును మాత్రమే పోనిస్తాయి. ఆ కొద్ది కరెంటును కనిపెట్టడానికి ఒక రిలే ఉంటుంది. అది పనిచేయగానే యంత్రాలన్నీ ఆగి, దాని అద్దం వెనక బొటనవేలి గోరంత ఎర్ర రేకు కిందికి పడుతుంది. దాన్నే మేము జెండా అనేవాళ్లం.

ఆ బురదలో నెలకు రెండు మూడుసార్లు జెండా పడేది. పడిన ప్రతిసారీ ఎనిమిది యంత్రాలూ ఆగేవి. ఏది తడిసిందో వెతికి పట్టుకునేసరికి గంట, గంటన్నర. పటేల్ గుమ్మంలో నిలబడి అరిచేవాడు.

"ఏందయ్యా నర్సింలూ, మళ్ల జెండనా? గనిల ఏడ్సినట్లనే ఈడ గూడ ఏడుస్తది గీ పెట్టె!"

ఒక ఎండాకాలం నుంచి జెండా పడటం మానేసింది. రెండు వారాలైంది, నెలైంది, నెలన్నర అయింది. అంతకు ముందే నేను మోటార్లకు తీగలు కలిసే డబ్బాలన్నీ విప్పి తుడిచి బిగించాను కనుక ఆ గొప్ప నాదే అనుకున్నాను. పటేల్ మిఠాయి తెప్పించి అందరికీ పంచాడు. నాకు రెండు ఎక్కువ పెట్టాడు. తిన్నాను. ఆ రోజుల్లో రోజూ పొద్దున రిలే అద్దం తుడిచి, పడని జెండాను చూసి మురిసిపోయేవాణ్ణి. పలకల పెట్టె మూత ఒక్కసారి కూడా తీయలేదు. తీయాలని కూడా తోచలేదు.

సాయమ్మ చెయ్యి

మూడో యంత్రం దగ్గర సాయమ్మ అనే ఆమె పనిచేసేది. బషీరాబాద్ దిక్కు మనిషి, మాటల్లో కన్నడం కలిసేది. బండ మీద నీళ్లు పోయడం, బురద తుడవడం, బండ తిప్పడం ఆమె పని. నడివయసు, సన్నటి మనిషి, చూపు మాత్రం మహా తీక్షణం. మిగతా ఆడవాళ్లు ఏ పనిలోనైనా ఆమె ఏం చేస్తుందో చూసి చేసేవారు.

రోజూ ఇంజను మొదలుకాగానే ఆమె యంత్రం ముందు నిలబడి, చెయ్యి తిరగేసి, వేళ్ల వెనకభాగం ఇనుప చట్రానికి మెల్లగా ఆనించేది. ఒక క్షణం ఆగి, ఆ చేతిని రొమ్ముకు తాకించుకుని పని మొదలుపెట్టేది. మిగతా ఆడవాళ్లూ అలాగే చేసేవారు. దసరాకు యంత్రాలకు పసుపు కుంకుమ పెట్టేది కూడా వాళ్లే. కూడు పెట్టే ఇనుముకు మొక్కుతున్నారు గదా అని నేను ముచ్చటపడేవాణ్ణి. ఇంటికి వచ్చిన చుట్టాలకు కూడా గొప్పగా చెప్పాను.

ఒక రోజు ఆమె నా దగ్గరికి వచ్చింది.

"సారూ, మూడో మిషిని ముట్టుకుంటె జిమ్మంటున్నది. జర సూడు."

వెళ్లి రిలే చూశాను. జెండా పడలేదు. "ఏం లేదు సాయమ్మా, యంత్రం అదురుకు అట్లనిపిస్తది" అన్నాను.

రెండు రోజులకు మళ్లీ వచ్చింది. "అదురు నాకు ఎర్కలేదా సారూ? అదురు ఏరే, జిమ్ము ఏరే."

మళ్లీ రిలే చూశాను. జెండా తన చోటనే ఉంది. ఆమె చెప్పిన యంత్రం దగ్గరికి నాలుగు అడుగులు వేసి నా చెయ్యి పెట్టి చూడాలి గదా? చూడలేదు. అద్దం వెనక ఎర్ర రేకును నమ్మాను, ఎదుట నిలబడి చెబుతున్న మనిషిని నమ్మలేదు. అంతకంటే సిగ్గుపడాల్సిన పని నా ఉద్యోగ జీవితంలో ఇంకొకటి చేయలేదు. మూడోసారి ఆమె రాలేదు. మర్నాటి నుంచి కాళ్ల కింద గోనెపట్టా మడిచి వేసుకుని నిలబడుతోంది. అదీ చూశాను. బురదకు కాళ్లు చల్లబడుతున్నాయేమో అనుకున్నాను.

ధారూర్‌లో ఆగిన బండి

ఆ వారంలో ఉస్తాద్‌కు ఒంట్లో బాగాలేదని తెలిసి ఒక రోజు సెలవు పెట్టి వికారాబాద్ పోయాను. పొద్దున పది గంటల వేళ. ఆయన అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. చిక్కిపోయాడు గానీ కళ్లల్లో వెలుగు తగ్గలేదు. పని ఎట్లా నడుస్తోందని అడిగాడు. నేను దానికోసమే ఎదురుచూస్తున్నవాడిలా నెలన్నర నుంచి జెండా పడలేదని చెప్పాను. మెచ్చుకుంటాడనుకున్నాను.

ఆయన చాయ్ కప్పు కింద పెట్టాడు.

"నెలన్నర పడకుంటె నీకు ఫికర్ కాలేదా?"

"ఎందుకు ఉస్తాద్? పడితే గదా ఫికర్?"

"ఆ తడిల నెలకు మూడుసార్లు పడేది, ఒక్కసారి గూడ పడకుంట అయిందంటె తప్పులు బందైనయా, చెప్పేది బందైందా? పలకలు గట్టిగున్నయని చూసినవా? ఒక్క పలక ఇరిగితె తీగ తెగినట్లే. భూమికీ జనరేటరుకూ రిష్తా లేదు. ఇగ నీ రిలేకు కరెంటు ఏడికెల్లి వస్తది? ఏడ తప్పు అయినా అది మూగదే."

 ఆయన ఆగలేదు.

"పనోళ్లు ఏమంటున్నరు?"

సాయమ్మ జిమ్మంటోందని చెప్పిన సంగతి చెప్పాను. గోనెపట్టా సంగతి చెప్పాను. చివరికి ఆ మొక్కు సంగతి కూడా చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు, లోపల అప్పటికే ఏదో తడుతూ ఉండి ఉంటుంది. ఉస్తాద్ తన చెయ్యి తిరగేసి వేళ్ల వెనకభాగం నా మోచేతికి ఆనించాడు.

"గిట్లనా?"

"గట్లనే."

"అది మొక్కు కాదురా నర్సింలూ. అరచెయ్యి పెడితె, కరెంటు పట్టుకుంటె వేళ్లు ముడుసుకుంటయి, ఇడువనియ్యయి. ఎనక పెడితె చెయ్యి గుంజుకుంటది. ఎవ్వలు నేర్పకున్న ఆ ఆడోళ్లు రోజు ఇన్స్పెక్షన్ జేస్తున్నరు. నువ్వు చేసే పని వాళ్లు చేస్తున్నరు, నువ్వు చూసి మురుస్తున్నవు. లే. బండెక్కు. మొదటి తప్పు అయింది. రెండోది కాకముందు పో."

స్టేషనుకు పరుగెత్తాను. కార్ఖానాలో టెలిఫోను లేదు. తంతి ఇద్దామన్నా అది నా తర్వాతే చేరుతుంది. పదకొండు గంటల ప్యాసింజరు దొరికింది. దొరికిందనే సంతోషం ధారూర్ దాకానే. అక్కడ గూడ్సుబండికి దారి ఇవ్వడానికి మా బండిని ఆపేశారు. పది నిమిషాలన్నారు. అరగంట దాటింది.

ఆ అరగంట నేను రైలుపెట్టెలో కూర్చోలేదు. ప్లాట్‌ఫారం మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాను. ఎనిమిది మోటార్లను మనసులో ఒక్కొక్కటే విప్పి చూశాను. ఐదో దాని డబ్బా మూత రబ్బరు అరిగింది, వచ్చే వారం మార్చాలనుకున్నాను. ఐదో దాని దగ్గర నీళ్ల గొట్టం కారుతోంది. ఆ నీళ్లు ఎటు పోతున్నాయి? మూడో యంత్రం చట్రాన్ని భూమికి కలిపే ఎర్తు తీగను నేను చివరిసారి ఎప్పుడు చూశాను? జ్ఞాపకం రాలేదు. ఎంత ఆలోచించినా రాలేదు. పక్కన ఎవరో శనక్కాయలు తింటూ ఏమైంది అన్నా అని అడిగాడు. నేను నడుస్తూనే ఉన్నాను.

తాండూరులో దిగేసరికి ఒంటిగంట దాటింది. మా ఇంజను శబ్దం మామూలుగా స్టేషను దాకా వినిపిస్తుంది. ఆ రోజు వినిపించలేదు. అన్నం వేళ అయి ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. అన్నం వేళ అప్పటికే అయిపోయిందని కూడా నాకు తెలుసు. కార్ఖానా దాకా పరుగెత్తాను.

సాయమ్మ రేకుల కింద నీడలో పడుకుని ఉంది. ప్రాణం ఉంది. కుడిచేతికి తడిగుడ్డ చుట్టారు. చుట్టూ ఆడవాళ్లు. నన్ను చూసి దారి ఇచ్చారు.

జరిగింది తర్వాత విప్పి చూస్తే తెలిసింది. మూడో మోటారులో ఒక తీగ చట్రానికి తగిలి ఎన్నాళ్లయిందో. దాని ఎర్తు తీగ బురదలో తుప్పు తిని ఒక్క పోగు మిగిలింది. ఆ మధ్యాహ్నం ఐదో మోటారు డబ్బాలోకి నీళ్లు పోయి ఇంకో తీగ భూమిని అంటుకుంది. ఉస్తాద్ చెప్పిన రెండో తప్పు అదే. ఫ్యూజులు కాలేలోపు మూడో యంత్రం చట్రమంతా కరెంటు. సాయమ్మ అరచేతిని దానిమీద ఆనించి బండ తుడుస్తోంది, కాళ్ల కింది గోనెపట్టా అప్పటికే తడిసి ఉంది.

నేను దగ్గర కూర్చుంటే ఆమె కళ్లు తెరిచింది.

"పొద్దుగాల సూసిన సారూ" అంది. "పొద్దుగాల మామూలు జిమ్మే ఉండె."

"నేను చెప్పిన గదా" అని ఒక్కమాట అనలేదు. అని ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది. తన వంతు పరీక్ష తాను సరిగానే చేశానని చెప్పుకుంటోంది, నా ముందు. నాకు ఏడుపు వచ్చింది, అందరి ముందూ ఏడ్చాను.

పటేల్ ఆమెను తన బండిలోనే దవాఖానాకు పంపాడు. తర్వాత నేనూ ఆయనా వెళ్లి ఇనుప పెట్టె మూత తీశాం. మూడో పలక నిలువునా పగిలి ఉంది. ఇంజను అదురుకు పగిలింది. చీలికలో దుమ్ము పేరుకుంది, అంటే అది పాత సంగతి. పటేల్ ఆ చీలికను వేలితో తుడిచి చూశాడు.

"జెండ పడ్డప్పుడల్ల నిన్ను తిట్టిన" అన్నాడు. "పడకుంటె మిఠాయి పెట్టిన. నువ్వు మాత్రం ఏం జేస్తవు?"

మంచి మనిషి కనుక అన్నాడు. ఆ మాట చాటున దాక్కోవడానికి నాకు మనసు రాలేదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలూ, మీకు కూడా ఇట్లాంటి యజమానులే దొరుకుతారు. కబురు చెబితే కసురుకుంటారు, కబురు రాకపోతే మెచ్చుకుంటారు. వాళ్ల మెప్పు మీ జాగ్రత్తకు కొలత కాదు.

గంట

కొత్త పలక వచ్చేదాకా కార్ఖానా నడపనని చెప్పాను. పటేల్ ఒప్పుకున్నాడు. ఆ ఆగిన రోజుల్లో ఒక పాత కరెంటు గంట, నాలుగు బ్యాటరీలు తెచ్చి చిన్న ఏర్పాటు చేశాను. ఇంజను మొదలుపెట్టే ముందు భూమికి పోయే కొసను పలకల నుంచి విడదీసే ఒక మీట, పక్కన ఒక బొత్తం. మీట దించి బొత్తం నొక్కితే బ్యాటరీ కరెంటు పలకలన్నిటి గుండా పోయి గంట మోగిస్తుంది. పలకలు గట్టిగా ఉంటే మోగుతుంది, ఎక్కడ పగిలినా మోగదు. మీట మళ్లీ పైకెత్తితే గాని ఇంజను గది తాళం తీయడానికి వీలు లేకుండా చేశాను. మూడు బల్బులు కూడా పెట్టాను, ఉస్తాద్ మిల్లులో ఉన్నట్టే. మౌనంగా ఉంటే క్షేమమనే పద్ధతి పోయి, చప్పుడు వినిపిస్తేనే క్షేమమనే పద్ధతి వచ్చింది. ఇప్పుడు మీ దగ్గర ఈ పనికి ఖరీదైన పరికరాలున్నాయి. ఏ పరికరమైనా ఒకటే అడగండి. ఇది చచ్చిపోతే నాకెట్లా తెలుస్తుంది?

సాయమ్మ మూడు నెలలకు తిరిగి వచ్చింది. కుడిచేతి రెండు వేళ్లు ముడుచుకునే ఉండిపోయాయి, సాపు కావు. మొదటి రోజు పొద్దున నేను గంట మోగించాను. కార్ఖానా అంతా వినిపించింది. ఇంజను మొదలైంది. ఆమె మూడో యంత్రం ముందు నిలబడి, ఈసారి ఎడమచెయ్యి తిరగేసి, వేళ్ల వెనకభాగం చట్రానికి ఆనించింది.

నాకు మనసు చివుక్కుమంది. దగ్గరికి పోయి మెల్లగా అడిగాను.

"గంట మోగింది గదా సాయమ్మా. ఇంకా నమ్మకం లేదా?"

"నీ గంట మీద నమ్మకమే సారూ" అంది. "రోజు అది నిజంగ మోగుతున్నదా, నువ్వు నిజంగ ఇంటున్నవా, గది నాకెట్ల ఎర్క?"

 ఆమె బండ మీద నీళ్లు పోయడం మొదలుపెట్టింది.

మర్నాడు పొద్దున ఇంజను గది గుమ్మంలోకి ఆమెను పిలిచి బొత్తం చూపించాను. రోజూ నొక్కేది నువ్వే, మోగకపోతే ఇంజను మొదలుపెట్టనివ్వకు, నేను చెప్పినా పటేల్ చెప్పినా సరే అన్నాను.  ముడుచుకున్న వేళ్లతోనే నొక్కింది. గంట మోగింది. తల ఊపి వెళ్లిపోయింది.

ఇంజను మొదలయ్యాక చూస్తే మూడో యంత్రం ముందు నిలబడి మళ్లీ చెయ్యి తిరగేసి ఆనిస్తోంది. నేను వద్దనలేదు. పక్కనే ఉన్న నాలుగో యంత్రం దగ్గరికి పోయి, నా చెయ్యి కూడా అలాగే తిరగేసి ఆనించాను.